కటితల కండరాలను గుర్తించి, బలపరచుకుని, కాపాడుకోవడం ఎలా

దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలుగా పడటం, నీళ్ల బిందె ఎత్తితే కింద ఏదో జారుతున్నట్టు అనిపించడం, మరుగుదొడ్డి తలుపు తీసేలోపే బట్టలు తడిసిపోవడం వంటి ఇబ్బందులను మన ఇళ్లలో ఎందరో స్త్రీలు ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా ఓర్చుకుంటున్నారు. పిల్లల్ని కన్నాక ఇవన్నీ మామూలేనని తల్లులూ అత్తలూ చెప్పిన మాట నమ్మి, వేరే పని మీద డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు కూడా ఈ సంగతి ఎత్తరు. ఇవి చాలామందికి వచ్చే ఇబ్బందులన్నది నిజమే, కానీ భరించి తీరవలసినవి మాత్రం కావు. వీటిలో చాలావాటి వెనుక, మూత్రాశయాన్నీ గర్భసంచినీ కింది నుంచి మోసే కటితల కండరాల బలహీనతో, అవి పనిచేసే తీరులో వచ్చిన లోపమో ఉంటుంది. సరైన పద్ధతిలో కొన్ని నెలలు సాధన చేస్తే మందులూ శస్త్రచికిత్సా లేకుండానే చాలామందికి గుణం కనిపిస్తుంది.

అయితే ఈ సాధన అంటే కింది భాగాన్ని బిగించి పట్టుకోవడమేనని చాలామంది అనుకుంటున్నారు. బిగించడం అందులో ఒక భాగం మాత్రమే. బిగించిన కండరాన్ని పూర్తిగా వదలడం, రోజంతా ఆ కండరాల మీద పడే అనవసరమైన ఒత్తిడిని తగ్గించుకోవడం కూడా అంతే ముఖ్యం. ఈ మూడింటిలో ఏది లోపించినా, ఎన్ని నెలలు చేసినా ప్రయోజనం అరకొరగానే ఉంటుంది.

ఈ కండరాలు ఎక్కడ ఉంటాయి, ఏం చేస్తాయి

పొత్తికడుపు కింద ముందువైపు చేతికి గట్టిగా తగిలే జఘనాస్థి నుంచి, వెనక వెన్నెముక చివరనున్న తోక ఎముక వరకు, చీరతో కట్టిన ఉయ్యాలలాగా పరుచుకున్న కండరాల పొరలనే కటితల కండరాలు అంటారు. డాక్టర్లు వీటిని పెల్విక్ ఫ్లోర్ అంటారు. స్త్రీలలో మూత్రాశయం, గర్భసంచి, పురీషనాళం, పురుషులలో మూత్రాశయం, పురీషనాళం వీటి ఆసరాతోనే తమ స్థానాల్లో నిలబడతాయి. మూత్రనాళం, యోని, మలద్వారం ఈ పొరల గుండానే బయటకు వస్తాయి కనుక, ఆపుకోవాలన్నా విడవాలన్నా ఈ కండరాల సహకారం తప్పనిసరి. వీటిలో ఒక కండరం పురీషనాళం వెనుక నుంచి చుట్టుకుని దానిని ముందుకు లాగి పట్టుకుంటుంది. ఆ వంపు ఉన్నంతసేపు మలం నిలిచి ఉంటుంది, ఆ కండరం సడలినప్పుడు వంపు తగ్గి దారి తెరుచుకుంటుంది. సుఖవిరేచనానికి బలం కంటే సడలింపే ఎక్కువ అవసరమన్నది ఇక్కడే అర్థమవుతుంది.

ఇవి ఒంటరిగా పనిచేయవు. మీరు ఊపిరి పీల్చినప్పుడు ఛాతీకీ కడుపుకీ నడుమనున్న డయాఫ్రం కిందికి దిగుతుంది, దానితోపాటు కటితలం కూడా కొద్దిగా కిందికి సడలుతుంది. ఊపిరి వదిలినప్పుడు రెండూ పైకి లేస్తాయి. ఈ లయను గుర్తుంచుకోండి, తరవాత చెప్పబోయే సాధన అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

సాధనకు ముందు మూడు రోజుల లెక్క

ముందుగా మీ ఇబ్బంది ఏ రకమో మీకే తెలియాలి. దగ్గు, తుమ్ము, నవ్వు, బరువెత్తడం వంటి వాటితో మూత్రం కారితే అది ఒత్తిడి వల్ల వచ్చేది. ఉన్నట్టుండి మూత్రానికి వెళ్లాలన్న తొందర (దీన్నే వేగం అంటారు) ఆపుకోలేనంతగా వచ్చి, దారిలోనే తడిసిపోతే అది మూత్రాశయం అదుపు తప్పడం వల్ల వచ్చేది. కొందరికి రెండూ ఉంటాయి. మొదటి రకానికి కండరాల సాధన ప్రధానమైన చికిత్స, రెండవ దానికి సాధనతోపాటు మూత్రాశయానికి క్రమశిక్షణ నేర్పడం కూడా కావాలి.

ఒక పుస్తకంలో వరుసగా మూడు రోజులు, ఎన్ని గంటలకు ఏమి ఎంత తాగారో, ఎన్ని గంటలకు మూత్రానికి వెళ్లారో, ఎప్పుడు కారిందో, అప్పుడు ఏ పని చేస్తున్నారో రాయండి. కొలతలున్న పాత ప్లాస్టిక్ గ్లాసు ఒకటి మరుగుదొడ్డిలో పెట్టుకుని ఎంత మూత్రం వచ్చిందో మిల్లీలీటర్లలో రాస్తే ఇంకా మంచిది. పగలు ఆరు నుంచి ఎనిమిది సార్లు, రాత్రి నిద్రలో లేచి ఒకసారి వెళ్లడం సాధారణం. అంతకు మించి చాలాసార్లు వెళ్తున్నా, ప్రతిసారీ ఎక్కువ పరిమాణంలో వస్తున్నా, ఒకసారి చక్కెర పరీక్ష చేయించుకోండి, ఎందుకంటే మధుమేహం మొదట ఇలాగే బయటపడవచ్చు. మంట ఉంటే మూత్ర పరీక్ష చేయించాలి.

ఇంకొక విషయం ఇక్కడే చెప్పాలి. కొందరిలో ఈ కండరాలు బలహీనంగా కాక, ఎప్పుడూ బిగుసుకుపోయి ఉంటాయి. మూత్రం మొదలు కావడానికి చాలాసేపు పట్టడం, ధార ఆగి ఆగి రావడం, ఎంత ముక్కినా విరేచనం పూర్తి కానట్టు ఉండటం, దాంపత్యంలో నొప్పి, పొత్తికడుపులో గానీ తోక ఎముక దగ్గర గానీ ఎడతెగని నొప్పి దీని లక్షణాలు. ఇవి మీకు ఉంటే బిగించే వ్యాయామాలు మొదలుపెట్టకండి, వాటితో బాధ పెరగవచ్చు. మీరు చేయవలసింది కింద చెప్పిన సడలింపు సాధన మాత్రమే, అది కూడా ఈ సమస్యలు తెలిసిన ఫిజియోథెరపిస్టును కలిసిన తరవాత.

సరైన కండరాన్ని పట్టుకోవడం

1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ఈ కండరాల సాధనను ఒక చికిత్సా పద్ధతిగా ప్రచురించారు, అందుకే వీటికి కెగెల్ వ్యాయామాలన్న పేరు స్థిరపడింది. ఆయన నోటిమాటతో చెప్పి పంపలేదు. పెరీనియోమీటర్ అనే పరికరంతో లోపలి ఒత్తిడిని కొలిచి, సరైన కండరమే బిగుస్తోందో లేదో చూపిస్తూ నేర్పారు. తరవాతి కాలంలో ఆ భాగం జారిపోయి, "రోజూ బిగించండి" అన్న ఒక్క మాట మిగిలింది. దాని ఫలితం ఎలా ఉంటుందో 1991లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం చూపించింది. మాటలతో మాత్రమే సూచన ఇచ్చినప్పుడు 47 మంది స్త్రీలలో దాదాపు సగం మందే సరిగ్గా చేయగలిగారు, నాలుగో వంతు మంది మూత్రం కారడాన్ని పెంచే విధంగా చేశారు. అందుకే ఈ అడుగు దగ్గర తొందరపడవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఒక వారం పట్టినా పరవాలేదు.

మూత్రానికి వెళ్లి వచ్చాక, తలుపు వేసుకుని, మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోండి. తొడలు, పిరుదులు, పొట్ట వదులుగా ఉంచండి. ఇప్పుడు నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ పోకుండా ఆపుకున్నట్టుగా మలద్వారాన్ని లోపలికి, పైకి తీసుకోండి. ఆ బిగువును అలాగే ముందుకు, మూత్రం ఆపుకునే చోటుదాకా తీసుకురండి. మీకు తెలియవలసింది కేవలం మూసుకోవడం కాదు, లోపలికి లేవడం. కింద ఉబ్బినట్టు, బయటకు నెట్టినట్టు అనిపిస్తే మీరు ముక్కుతున్నారన్నమాట, వెంటనే ఆపి, ఊపిరి తీసుకుని మళ్లీ ప్రయత్నించండి.

సరిగ్గా చేస్తున్నారో లేదో తెలుసుకోవడానికి స్త్రీలు చిన్న అద్దం పెట్టుకుని చూడవచ్చు. యోనికీ మలద్వారానికీ నడుమనున్న చర్మం లోపలికి ముడుచుకుంటే సరైనదే. వివాహితలు శుభ్రంగా కడుక్కున్న వేలిని యోనిలో ఉంచి బిగిస్తే, వేలి చుట్టూ పట్టు, పైకి లాగినట్టు ఒక కదలిక తెలియాలి. పురుషులు అద్దంలో చూసుకుంటే అంగం మొదలు కొద్దిగా లోపలికి పోవడం, వృషణాలు పైకి లేవడం కనిపిస్తుంది. ఊపిరి బిగబట్టడం, పిరుదులు గట్టిపడటం, తొడలు దగ్గరకు రావడం, బొడ్డు పైభాగం బిగుసుకోవడం ఇవన్నీ తప్పు కండరాలు పనిచేస్తున్నాయనడానికి గుర్తులు. ఒక చేయి పొట్ట మీద, ఒక చేయి పిరుదు మీద పెట్టుకుని చేస్తే ఈ తప్పులు త్వరగా పట్టుబడతాయి.

మూత్రం పోస్తూ మధ్యలో ధారను ఆపడం వ్యాయామంగా చేయకూడదు. కండరం ఏదో గుర్తించడానికి ఒకసారి చేసి చూడటం వేరు, రోజూ అలా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాని అలవాటు పడుతుంది. యోగాభ్యాసంలో మూలబంధం, అశ్వినీముద్ర నేర్చుకున్నవారికి ఈ కదలిక కొత్త కాదు, కానీ మూలబంధాన్ని తరచుగా ఊపిరి నిలిపి చేయిస్తారు. ఇక్కడ ఊపిరి ఆడుతూనే ఉండాలి.

వదలడం నేర్చుకోవడం

బిగించే అభ్యాసానికి ముందు రోజుకు ఐదు నిమిషాలు ఇది చేయండి. అదే విధంగా పడుకుని, ఒక చేయి పొట్ట మీద పెట్టి, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి పీల్చండి. పొట్ట పైకి లేవాలి, కింది భాగం మెత్తబడి కొద్దిగా విచ్చుకున్నట్టు అనిపించాలి. నోటితో మెల్లగా వదలండి. కింద ఏమీ బిగించకండి. పళ్లు కరిచి పట్టుకునే అలవాటు, పొట్టను ఎప్పుడూ లోపలికి పీల్చి ఉంచే అలవాటు ఉన్నవారికి మొదట ఏమీ తెలియదు. దవడనూ భుజాలనూ వదులు చేస్తే కింద కూడా సడలుతుంది. బిగించి పనిచేసిన కండరం విశ్రాంతి స్థితికి తిరిగి రాకపోతే తరవాతి బిగింపుకు దానిలో శక్తి ఉండదు, పైగా నొప్పి మొదలవుతుంది. ఆ కారణం వల్లనే దీనిని సాధనలో సగభాగంగా లెక్కపెట్టమంటున్నాను.

రోజువారీ సాధన

ఈ కండరాలలో ఎక్కువసేపు నిలకడగా పనిచేసే తంతువులూ ఉంటాయి, చటుక్కున బిగుసుకునే తంతువులూ ఉంటాయి. రోజంతా అవయవాలను మోసేవి మొదటివి, తుమ్ము వచ్చిన క్షణంలో ఆదుకునేవి రెండవవి. అందుకని రెండు రకాల అభ్యాసం కావాలి.

మొదటిది నెమ్మది బిగింపు. ఊపిరి వదులుతూ కండరాన్ని లోపలికి పైకి తీసుకోండి, మామూలుగా శ్వాస ఆడిస్తూ అలాగే నిలపండి. ఎన్ని సెకన్లు పట్టు జారకుండా నిలపగలరో అదే మీ ప్రారంభం, అది మూడు సెకన్లే కావచ్చు. తరవాత పూర్తిగా వదిలి, నిలిపినంతసేపు, వీలైతే అంతకు రెట్టింపు సేపు విశ్రాంతి ఇవ్వండి. ఇలా 8 నుంచి 10 సార్లు చేస్తే ఒక విడత. వారం పది రోజులకు ఒక సెకను చొప్పున పెంచుకుంటూ 10 సెకన్లకు చేరండి. పదో సెకను దాకా సంఖ్య లెక్కపెడుతున్నారు గానీ కండరం ఐదో సెకనుకే జారిపోయిందనుకోండి, మీ లెక్క ఐదే. అంకె పెంచాలన్న ఆరాటం కంటే పట్టు తెలియడం ముఖ్యం.

రెండవది వేగపు బిగింపు. ఒక్క సెకనులో గట్టిగా బిగించి, వెంటనే పూర్తిగా వదలాలి. ఇవి కూడా 8 నుంచి 10 సార్లు చేయండి.

రెండూ కలిపి రోజుకు మూడు విడతలు చేయాలి. మొదటి రెండు మూడు వారాలు పడుకుని, పట్టు కుదిరాక కుర్చీలో కూర్చుని, ఆ తరవాత నిలబడి చేయండి, ఎందుకంటే మూత్రం కారేది ఎక్కువగా నిలబడి పనిచేస్తున్నప్పుడే. మరచిపోకుండా ఉండటానికి రోజూ ఎలాగూ చేసే పనికి జోడించుకోండి. పొద్దున మంచం దిగకముందు, మధ్యాహ్నం భోజనం తరవాత, రాత్రి పడుకునే ముందు అన్నది చాలామందికి సరిపోయే వరుస. ఎక్కువ చేస్తే త్వరగా తగ్గుతుందని గంటకోసారి చేయవద్దు, అలసిన కండరం ఇంకా ఎక్కువ కారుస్తుంది.

ఫలితం ఎప్పుడు కనిపిస్తుందన్నది అందరూ అడిగే ప్రశ్న. కొందరికి ఆరు వారాల్లో తేడా తెలుస్తుంది, కానీ కనీసం మూడు నెలలు క్రమం తప్పకుండా చేశాకే ఫలితాన్ని అంచనా వేయాలి. తగ్గిన తరవాత మానేస్తే మిగతా కండరాల మాదిరిగానే ఇవి కూడా క్రమంగా బలం కోల్పోతాయి కనుక, రోజుకు ఒక విడతనైనా కొనసాగించండి.

పనిలో వాడుకోవడం

పక్క మీద చేసిన సాధన పనివేళ అక్కరకు రావాలంటే ఒక చిన్న అలవాటు కావాలి. దగ్గు, తుమ్ము వస్తోందని తెలిసిన క్షణంలో ముందుగా కటితలాన్ని బిగించి, ఆ తరవాత దగ్గండి. అలాగే నీళ్ల బిందె, బియ్యం మూట, గ్యాస్ సిలిండర్, చంటిపిల్ల, ఏది ఎత్తే ముందైనా వస్తువును ఒంటికి దగ్గరగా తీసుకుని, మోకాళ్లు వంచి, బిగించి, ఊపిరి వదులుతూ లేవండి. ఊపిరి బిగబట్టి ఎత్తితే కడుపులోని ఒత్తిడి అంతా కిందికే దిగుతుంది. వరి నాట్లలో నారుకట్టలు మోసేవారికీ, మిరప కల్లాల్లో బస్తాలు లాగేవారికీ, ఇళ్లల్లో పైఅంతస్తుకు నీళ్లు చేరవేసేవారికీ బరువు మానమని చెప్పడం తేలిక, ఆచరణ కష్టం. నిండు బిందెకు బదులు రెండు సగం బిందెలు, గంప తలకెత్తుకునేటప్పుడు ఇంకొకరి చేయి సాయం, ఈ మాత్రం మార్పు కూడా ఏళ్ల మీద లెక్కకు వస్తుంది.

తగ్గని దగ్గును తేలికగా తీసుకోకండి. ఉబ్బసం, కట్టెల పొయ్యి పొగ, సిగరెట్టు, ఉత్తరాంధ్ర తీరంలో కొందరు పెద్దావిడలు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ చుట్ట, కారణం ఏదైనా నెలల తరబడి సాగే దగ్గు రోజుకు వందలసార్లు ఈ కండరాలను కిందికి నెడుతుంది. దగ్గుకు వైద్యం చేయించకుండా కండరాలకు సాధన చేయడం వృథా శ్రమ. అధిక బరువు ఉన్నవారు ఒంటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గించుకున్నా మూత్రం కారడం గమనించదగినంతగా తగ్గుతుంది.

మూత్రం, విరేచనం విషయంలో అలవాట్లు

మూత్రం కారుతుందన్న భయంతో నీళ్లు మానేయడం మనవాళ్లు చేసే అతి పెద్ద పొరపాటు. బస్సు ప్రయాణమంటే, పెళ్లి అంటే, మరుగుదొడ్డి సరిగా లేని బడిలో ఉద్యోగమంటే, పొద్దున్నుంచి నోట్లో చుక్క పోసుకోని స్త్రీలు ఉన్నారు. నీరు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని రేపుతుంది, మలబద్ధకం వస్తుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్లు వస్తాయి. మామూలు రోజుల్లో ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు, రోహిణి కార్తె ఎండల్లో, పొలం పనుల్లో అంతకన్నా ఎక్కువ తాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు డాక్టరు చెప్పిన కొలతనే పాటించాలి. హఠాత్తుగా వేగం వచ్చేవారు టీ, కాఫీలను రోజుకు ఒకటి రెండింటికి తగ్గించి చూడండి, రాత్రి పడుకునే ముందు రెండు గంటలు ద్రవాలు తగ్గించండి.

ఇంటి గడప దాటే ముందు ప్రతిసారీ "ఎందుకైనా మంచిది" అని మూత్రానికి వెళ్లడం మానుకోండి. అలా సగం నిండకుండానే ఖాళీ చేస్తూ పోతే మూత్రాశయం తక్కువకే తొందరపెట్టడం నేర్చుకుంటుంది. వేగం వచ్చినప్పుడు పరుగెత్తకండి. ఉన్నచోట ఆగి, వీలైతే కూర్చుని, ఐదారుసార్లు వేగపు బిగింపు చేయండి, నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ మనసును వేరే విషయం మీద పెట్టండి. వేగం ఒక అలలో వచ్చి తగ్గుతుంది, తగ్గిన తరవాత నడిచి వెళ్లండి. మీ మూడు రోజుల లెక్కలో గంటకోసారి వెళ్తున్నట్టు తేలితే, వారానికి పదిహేను నిమిషాల చొప్పున వ్యవధి పెంచుకుంటూ మూడు గంటలకు చేరుకోవాలి. బడి పిల్లలకూ, దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలకూ ఇందుకు పూర్తిగా విరుద్ధమైన ఇబ్బంది ఉంటుంది. వారు ఏడెనిమిది గంటలు ఆపుకుంటున్నారు, అదీ అంతే హాని.

మూత్రం పోసేటప్పుడు పూర్తిగా కూర్చోండి, బయటి మరుగుదొడ్ల కమోడ్ల మీద ఆనకుండా సగం వంగి నిలబడితే కటితలం సడలదు. ముక్కి తొందరగా ముగించకండి.

విరేచనానికి మన పాత పద్ధతిలో గొంతుకూర్చోవడం చాలా అనువైనది, ఆ భంగిమలో పైన చెప్పిన పురీషనాళపు వంపు బాగా సడలుతుంది. కమోడ్ వాడేవారు పాదాల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల పీట వేసుకుని, మోకాళ్లు తుంటికన్నా ఎత్తుగా వచ్చేలా చూసుకుని, మోచేతులు తొడల మీద ఆనించి కొద్దిగా ముందుకు వంగండి. ఊపిరి బిగబట్టి ముక్కకుండా, నోరు కొద్దిగా తెరిచి, పొట్టను వదులుగా ముందుకు ఉబ్బనిచ్చి మెల్లగా వదలండి. పది నిమిషాల్లో కాకపోతే లేచి వచ్చి, మళ్లీ వేగం వచ్చినప్పుడు వెళ్లండి. ఫోను లోపలికి తీసుకెళ్లకపోవడం ఇందుకు సాయపడుతుంది. ఉదయం టిఫిన్ తిన్న అరగంటలో పెద్దపేగు సహజంగా కదులుతుంది కనుక ఆ సమయాన్ని వంటపనికి బలిచేయకండి. జొన్నరొట్టె, రాగిసంకటి, ఆకుకూరలు, పప్పులు, జామ వంటి పీచున్న ఆహారం తగినన్ని నీళ్లతో కలిస్తేనే పనిచేస్తుంది.

గర్భిణులూ బాలింతలూ

మామూలు కాన్పులో బిడ్డ తల బయటకు వచ్చే సమయంలో ఈ కండరంలోని కొంత భాగం మూడు రెట్లకు పైగా సాగుతుందని కంప్యూటర్ నమూనాల ద్వారా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంతగా సాగి కూడా చాలావరకు కోలుకోవడం దాని గొప్పదనం, కానీ ఆ కోలుకోవడానికి వ్యవధీ సాయమూ కావాలి. బిడ్డ పెద్దదైనా, నొప్పులు చాలాసేపు సాగినా, బిడ్డను బయటకు లాగడానికి ఫోర్సెప్స్ అనే పట్టకారు వాడినా, చిరుగు మలద్వారం దాకా వెళ్లినా నష్టం ఎక్కువ. సిజేరియన్ అయినవారు తమకు ఈ గొడవ లేదని భావిస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే కనుక ఈ అపోహ మన దగ్గర చాలా విస్తారమైనది. సిజేరియన్ వల్ల ప్రమాదం తగ్గుతుంది కానీ పోదు, తొమ్మిది నెలల గర్భభారం మోసినది ఆ కండరాలే.

గర్భం నిలిచిన తొలి నెలల నుంచే, డాక్టరు వద్దనకపోతే, పై సాధన మొదలుపెట్టవచ్చు. చివరి నెలల్లో సడలింపు అభ్యాసానికి ఎక్కువ సమయం ఇవ్వండి, కాన్పులో అక్కరకు వచ్చేది అదే. కాన్పయ్యాక మూత్రపు గొట్టం తీసేసి, మూత్రం మామూలుగా వస్తున్నప్పటి నుంచి మెల్లగా రెండు మూడు సెకన్ల బిగింపులు చేయవచ్చు. కుట్లు ఉన్నా నొప్పి పెరగనంతవరకు చేయవచ్చు, ఆ కదలిక వల్ల రక్తప్రసరణ పెరిగి వాపు తగ్గుతుంది. ఆరు వారాల పాటు బిడ్డకన్నా బరువైనది ఎత్తకండి. పరుగు, గెంతులున్న వ్యాయామాలు మూడు నెలల తరవాతే, అదీ మూత్రం కారడం, కింద బరువు లేనప్పుడే.

పత్యం పేరుతో బాలింతకు నీళ్లూ కూరలూ తగ్గించడం చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. పెద్దలు ప్రేమతో చేసే పనే అయినా, పాలిచ్చే తల్లికి నీరు తక్కువైతే మలబద్ధకం వచ్చి, ముక్కడంతో కొత్త కుట్ల మీదా అలసిన కండరాల మీదా భారం పడుతుంది. నడుముకు గుడ్డ కట్టడం మెత్తగా ఆసరా ఇచ్చేంతవరకు ఫరవాలేదు, పొట్ట తగ్గాలని ఊపిరాడనంతగా బిగిస్తే ఆ ఒత్తిడి కిందికే పోతుంది. ఇంటిల్లిపాదీ చేయగలిగిన మేలు ఏమిటంటే, ఆ ఆరు వారాలు ఆమెకు పడుకునే సమయం ఇవ్వడం, బరువు పనులు తీసుకోవడం.

ముట్లుడిగినవారు, పురుషులు

ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను తగ్గి ఆ ప్రాంతపు పొరలు పలచబడతాయి. ఆ వయసులో కూడా సాధన పనిచేస్తుంది. పొడిబారడం, మంట ఎక్కువగా ఉంటే యోనిలో వాడే ఈస్ట్రోజెన్ క్రీము గురించి డాక్టరును అడగండి.

ప్రోస్టేట్ గ్రంథిని పూర్తిగా తొలగించే శస్త్రచికిత్స తరవాత పురుషులకు మూత్రం కారడం సాధారణం. శస్త్రచికిత్సకు కొన్ని వారాల ముందే ఈ కండరాలను గుర్తించి సాధన నేర్చుకుని ఉంటే, గొట్టం తీసిన తరవాత సులువుగా కొనసాగించవచ్చు. గొట్టం ఉండగా మాత్రం చేయకూడదు. మూత్రం పోసి లేచాక రెండు మూడు చుక్కలు బట్టల్లో పడే ఇబ్బంది నడివయసు మగవారిలో చాలామందికి ఉంటుంది. వారు మూత్రం ముగిశాక ఒకసారి గట్టిగా బిగించి, వృషణాల వెనుక వేళ్లతో మెల్లగా నొక్కి ముందుకు జరిపితే నాళంలో మిగిలినది బయటకు వచ్చేస్తుంది.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు, ఏమి అడగాలి

మూత్రంలో రక్తం కనిపించినా, యోని నుంచి నిరంతరాయంగా మూత్రం కారుతున్నా, మలం అదుపు తప్పినా, గడ్డలాంటిది బయటకు వచ్చినా, మూడు నెలల సరైన సాధనతో తేడా లేకపోయినా తప్పక చూపించుకోండి. నడుమునొప్పితోపాటు తొడల నడుమ స్పర్శ తెలియకపోవడం, కాళ్లు బలహీనపడటం, మూత్రం బంద్ కావడం జరిగితే అది అత్యవసర స్థితి, అదే రోజు పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి.

గర్భసంచి జారిందని చెప్పగానే దాన్ని తీసేయించుకోవడమే మార్గమని తీర్మానించుకోకండి. దేశంలో గర్భసంచి తొలగింపులు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ ముందు వరుసలో ఉన్నాయి, అందులో చిన్న వయసు స్త్రీలు ఉండటం నన్ను కలవరపెట్టే విషయం. కొద్దిగా జారినప్పుడు సాధనతో లక్షణాలు తగ్గుతాయి. ఇంకొంచెం జారినప్పుడు యోనిలో అమర్చే పెస్సరీ అనే సిలికాన్ రింగుతో శస్త్రచికిత్స లేకుండా ఏళ్లపాటు గడిపేవారు ఉన్నారు. మూత్రం చుక్కలుగా పడటానికి గర్భసంచి తీసేయడం చికిత్స కాదు, ఇప్పటికే తీసేయించుకున్నవారికి కూడా కటితలం ఆసరా అవసరమే. కనుక శస్త్రచికిత్సకు ఒప్పుకునే ముందు, నాది ఎంతవరకు జారింది, ఫిజియోథెరపీ ప్రయత్నించవచ్చా, పెస్సరీ సరిపోతుందా, శస్త్రచికిత్స చేస్తే మూత్రం కారడం తగ్గుతుందా అన్న నాలుగు ప్రశ్నలు అడగండి, వీలైతే మరో డాక్టరు అభిప్రాయం కూడా తీసుకోండి. పెద్ద నగరాల ఆసుపత్రుల్లో కటితల సమస్యలకు శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. పరీక్షలో వేలితో కండరం బలాన్ని చూస్తారు, దగ్గమంటారు, బిగించి వదలమంటారు. ఇబ్బందిగా ఉంటే స్త్రీ చేతనే పరీక్ష చేయించమని, తోడుగా ఇంటివారిని ఉండనివ్వమని కోరే హక్కు మీకుంది. వెళ్లేటప్పుడు మీరు రాసుకున్న మూడు రోజుల లెక్కనూ, వాడుతున్న మందుల చీటీలనూ వెంట తీసుకువెళ్లండి, ఎందుకంటే రక్తపోటుకు వాడే కొన్ని మందులు కూడా మూత్రం కారడాన్ని పెంచుతాయి.